డ్రమ్ముల వెనక స్టూలు

బ్యాండు పెడదామన్న ఆలోచన నాది కాదు. నాతోపాటు మాస్టర్స్ చదివిన ప్రొద్దుటూరు కుర్రాడిది. షెఫీల్డ్‌లో దిగిన కొత్తలో, మేమంతా దుప్పట్లూ గిన్నెలూ కొనుక్కుంటుంటే అతను ముందు ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కున్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో వాయించేవాడట. అక్కడొక బ్యాండు ఉండేదని, ఉద్యోగాల పేరుతో తలో ఊరికీ వెళ్ళిపోవడంతో అది ఆగిపోయిందని చెప్పేవాడు. పగలు క్లాసులు, సాయంత్రాలు పార్సిల్ భోజనాలమ్మే ఒక టేకవేలో పని. మిగిలిన టైమంతా గిటారే.

నేను విజయవాడలో కొంతకాలం ఉద్యోగం చేసి, ఆ తర్వాత చదువుకోవడానికి వచ్చినదాన్ని. అతనికంటే వయసులో పెద్దదాన్ని కాబట్టి అక్కా అనేవాడు. ఒకరోజు లైబ్రరీ కింద కాఫీ తాగుతుంటే ఉన్నట్టుండి అన్నాడు.

"అక్కా, నువ్వు బేస్ వాయించల్ల."

"నాకు చప్పట్లు కూడా తాళానికి పడవు."

"బేస్‌కు నాలుగే తీగలక్కా. నాలుగు తీగలు ఎవురికైనా వస్తాయి."

అది నిజం కాదని నాకు తెలిసేసరికి, ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక స్టూడెంట్ దగ్గర పాత బేస్ గిటారు కొనేశాను. ఎందుకు ఒప్పుకున్నానంటే పెద్ద కారణమేమీ లేదు. అది నవంబరు. మధ్యాహ్నం టీ తాగి తల ఎత్తేసరికి చీకటి పడిపోయేది. గదిలో హీటరు పక్కన కూర్చుని అసైన్‌మెంట్లు రాసుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. ఎవరు ఎక్కడికి రమ్మన్నా వెళ్ళడానికి సిద్ధంగా ఉన్న రోజులవి.

మా బ్యాండులో పాడే అమ్మాయి షెఫీల్డ్‌లోనే పుట్టి పెరిగింది. తల్లిదండ్రులది హైదరాబాదు. తండ్రి ఐటీలో మేనేజరు, ఊళ్ళోని తెలుగు సంఘంలో కమిటీ మెంబరు. యూనివర్సిటీలో దీపావళి కార్యక్రమానికి ఆమె ఒక తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఫోనులో రాసుకొచ్చి, చూస్తూ పాడింది. 'ళ' ఉన్న ప్రతిచోటా 'ల' పలికింది. ఒత్తులు సగం ఎగిరిపోయాయి. కానీ మధ్యలో మైకు ఆగిపోతే, ఆ సంగతి ఆమె గమనించనే లేదు. గొంతు హాలు చివరి వరుసదాకా వచ్చింది. కార్యక్రమం అయ్యాక మా గిటారు కుర్రాడు వెళ్ళి తెలుగులో మాట్లాడాడు. ఆమె ఇంగ్లీషులో బదులు చెప్పింది. ఆ తర్వాత మా మధ్య అదే పద్ధతి కుదిరిపోయింది. మేం తెలుగులో అడిగేవాళ్ళం, ఆమె యార్క్‌షైర్ యాస ఇంగ్లీషులో చెప్పేది. ఇక్కడ ఆమె మాటలన్నీ నేను తెలుగులో రాస్తున్నవే.

డ్రమ్మర్ లేడు. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని దాని మోతకు వాయిద్దామని గిటారు కుర్రాడు అన్నాడు. ప్రాక్టీసుకు ఒక గది దొరికింది. ఒకప్పుడు కత్తులూ చెంచాలూ తయారుచేసిన ఇటుకల భవనం అది. ఇప్పుడు దాన్ని గదులుగా విడగొట్టి గంటల లెక్కన బ్యాండ్లకు ఇస్తున్నారు. గోడలకు పాత కార్పెట్లు మేకులు కొట్టి ఉండేవి. ఒక మూల ఆ గదికి చెందిన డ్రమ్ సెట్టు, దాని వెనక ఒక స్టూలు.

మొదటి ప్రాక్టీసుకు గిటారు కుర్రాడు తన ఫ్లాట్‌మేట్‌ను వెంటబెట్టుకొచ్చాడు, గిటారు మోత పెంచే ఆంప్ పెట్టె మోయడానికి. షెఫీల్డ్ అంటే గుట్టలే. బస్సు దిగాక ఎటు వెళ్ళాలన్నా ఎక్కడమో దిగడమో చెయ్యాలి, బరువుతో ఒక్కడివల్ల కాదు. వచ్చినతను జనగామ దగ్గరి పల్లెటూరివాడు, ముప్పై దాటినవాడు. షెఫీల్డ్ పెద్దాసుపత్రిలో నర్సు. ఉదయం షిఫ్టు చేసి, యూనిఫాం మీదే జాకెట్ తొడుక్కుని వచ్చాడు. ఆంప్ దించి కూర్చోవడానికి చోటు కోసం చూశాడు. గదిలో ఉన్నది ఆ స్టూలు ఒక్కటే. వెళ్ళి దాని మీద కూర్చున్నాడు.

యాప్ మోగింది. మేం ముగ్గురం ఎవరికి తోచినట్టు వాళ్ళం వాయించాం. కాసేపటికి నా వెనక ఇంకో చప్పుడు వినిపించింది. అతను పుల్లలు కూడా తీసుకోకుండా, వేళ్ళతో చిన్న డ్రమ్ము మీద కొడుతున్నాడు. గిటారు కుర్రాడు ఆపి వెనక్కి చూశాడు.

"ఆపకన్నా, కొట్టు. ఆ పుల్లలు తీసుకో."

"డిస్టర్బ్ అయితాందా?"

"అన్నా, నువ్వు కొట్టన్నా సామీ!"

యాప్ ఆపేశాం. అతను పుల్లలు తీసుకుని కాసేపు డ్రమ్ములన్నీ ఒక్కొక్కటిగా తట్టి చూసుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆ దరువు తిన్నగా నడిచేది కాదు. కాలు తడబడినట్టు ఒకచోట ఆగి, ఆగినంతా మళ్ళీ అందుకునేది. నాకు ఎక్కడ వేలు పెట్టాలో తెలియలేదు. చివరికి అతని కుడికాలు చూస్తూ, అది కదిలినప్పుడల్లా ఒకే తీగ మీటాను. నా జీవితంలో నేను తాళానికి వాయించిన మొదటి సందర్భం అది.

"ఎక్కడ నేర్చుకున్నారన్నా?" అని అడిగాను.

"నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్ పక్కన చర్చిల డ్రమ్స్ ఉండె. ఆళ్ల డ్రమ్మర్ రాకుంటే నన్ను కూసోబెట్టేటోళ్లు."

"అంతకుముందు?"

"ఊర్ల," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఆ రోజునుంచి అతని రోటా, అంటే ఆసుపత్రి డ్యూటీల పట్టికే, మా కాలెండరు. ఏ వారం ఏ షిఫ్టో వార్డు మేనేజరు పంపించాక, అతనికి ఖాళీ ఉన్న పూట మేం కలిసేవాళ్ళం. ఆ రోటా ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు. రాగానే దాన్ని తిట్టుకుంటూ స్టూలు మీద కూర్చునేవాడు. ఆ తిట్ల నుంచే మా మొదటి సొంత పాట వచ్చింది. బస్సులో కూర్చుని నేను రాశాను.

ఏ పూట నాదో చెప్పదు ఈ రోటా
నిద్రకీ నాకూ కుదరదు ఏ పూటా

పాడే అమ్మాయికి రోటా తెలుసు. పూట తెలియదు.

"రోజులో ఒక భాగం. ఒక భోజనానికీ ఇంకో భోజనానికీ మధ్య ఉండే టైము అనుకో," అన్నాను.

"అంటే షిఫ్టా?" అంది.

డ్రమ్ముల వెనక నుంచి పెద్ద నవ్వు వినిపించింది. "గంతే! షిఫ్టే!"

ఆ అమ్మాయి పద్ధతి అది. అర్థం తెలియని మాట పాడేది కాదు. ఒక్కో మాట నోట్లో వేసుకుని నమిలి చూసేది. 'కుదరదు' అనే మాట ఆమెకు నచ్చింది. అమ్మ ఇంట్లో తరచుగా అంటుందట. అది పాడేటప్పుడు గొంతులో తల్లి కసురు వినిపించేది.

చలికాలమంతా అలా గడిచింది. మేం బాగా వాయించామని చెప్పలేను. గిటారు కుర్రాడికి వేగం ఎక్కువ, నాకు భయం ఎక్కువ. ఇద్దరినీ ఒకచోట కట్టిపడేసేది డ్రమ్ములే. పక్క గదుల్లో వాయించే తెల్లకుర్రాళ్ళు కారిడార్‌లో ఆగి, ఆ దరువు ఎవరిదని అడిగేవాళ్ళు. అతను మాత్రం వాళ్ళ డ్రమ్మర్ల దగ్గరికి వెళ్ళి రెండు కాళ్ళూ ఎలా ఆడించాలో అడిగి నేర్చుకునేవాడు. వార్డులో బ్రేక్ దొరికినప్పుడు మోకాళ్ళ మీద సాధన చేసేవాడట. ఒక పేషెంటు పెద్దాయన దాన్ని చూసి, నీకేమైనా జబ్బా అని అడిగాడట.

ఫిబ్రవరిలో గిటారు కుర్రాడు ఫ్లాట్‌లో ఒక వీడియో చూశాడు. డ్రమ్మర్ ఫోనులో ఫోటోలు చూపిస్తుంటే మధ్యలో వచ్చిందట. ఎవరిదో పెళ్ళి ఊరేగింపు. అందులో పదిహేను పదహారేళ్ళ వయసులో అతను డప్పు కొడుతూ గిరగిరా తిరుగుతున్నాడు. గిటారు కుర్రాడు నాకు ఫోన్ చేసి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు.

"అక్కా, మన దరువు యాడిదో తెలిసిపోయింది. డప్పు! గిటారు, బేస్, మధ్యలో డప్పు. ఇట్లాంటి సౌండు ఈడ ఎవురికీ లేదు. మన బ్యాండుకు గుర్తే అది."

నాకూ బాగుంటుందనే అనిపించింది. గిటారు కుర్రాడి కజిన్ ఒకడు ఆ నెలలోనే హైదరాబాదు నుంచి లీసెస్టర్‌కు చదువుకు వస్తున్నాడు. అతని చేత ఒక డప్పు తెప్పించాడు. దుప్పట్లో చుట్టి సూట్‌కేసులో పెట్టి తెచ్చాడు ఆ కజిన్. సర్‌ప్రైజ్‌గా ఇద్దామని డ్రమ్మర్‌కు మాత్రం చెప్పలేదు.

ఆ శనివారం ప్రాక్టీసు గదిలో గిటారు కుర్రాడు దుప్పటి విప్పి, డప్పు రెండు చేతులా పట్టుకుని అతని ముందు నిలబడ్డాడు. అతను ముందు దాన్ని చూశాడు, తర్వాత మమ్మల్ని. చేతిలోకి తీసుకుని అరచేత్తో తోలు మీద రాశాడు. చలికి మెత్తబడి ఉందది. వేలితో ఒకసారి మీటాడు.

"ఎవలు తెమ్మన్నరు?"

"నేనే తెప్పించినా అన్నా. బాగలేదా?"

"డప్పు మంచిగనే ఉన్నది."

దాన్ని గోడకు ఆనించి పెట్టి, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. పుల్లలు తీసుకుని, "రోటా కొడదామా?" అన్నాడు. వాయించాం.  పాట అయిపోయాక పాడే అమ్మాయి అడిగింది, తిన్నగా, మాకెవరికీ లేని తెగువతో.

"నీకు అదంటే ఇష్టం లేదా?"

అతను కాసేపు పుల్లలు వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఇష్టం లేక కాదు. నేను ఇంటర్ల ఉన్నప్పుడు ఒకనాడు ప్రాక్టికల్ ఎగ్జామ్ ఉండె. పొద్దున్నే టౌనుకు పోవాలె. ఆ రాత్రే ఊర్ల పెద్దమనిషి సచ్చిపోయిండు. మా నాయినకు జరం, లేవస్తలేదు. మనిషొచ్చి వాకిట్ల నిలబడ్డడు. నువ్వు రాకుంటే నీ కొడుకును తోలు అన్నడు. పోయిన. శవం ముందట మధ్యాన్నం దాంక కొట్టిన."

"మరి పరీక్ష?" అన్నాను.

"పోయింది చెల్లె. ఏడాది పోయింది."

"రానని చెప్పలేకపోయావా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"చెప్పొచ్చు. చెప్పినంక అదే ఊర్ల ఉండాలె గద."

గిటారు కుర్రాడు తల దించుకుని తీగ సరిచేసుకుంటున్నాడు. ఆ తీగకు ఏమీ కాలేదు.

"గిప్పుడు మా తమ్ముడు కొడ్తడు," అన్నాడు అతను, ఈసారి కొంచెం హుషారుగా. "పోరగాళ్లతోని టీం పెట్టిండు. గజ్జెలు కట్టి స్టేజీల మీద కొడ్తరు. ఎవని వాకిట్లకూ పోరు. ఆన్ని చూస్తె నాకు మస్తు సంబురమైతది. కని అది ఆనిది. నాకు ఈ డ్రమ్ములు కావాలె. ఇవి కొట్టుమని నన్నెవలు తోలలే. నా అంతట నేనే వచ్చి కూసున్న."

"తప్పయిందన్నా," అన్నాడు గిటారు కుర్రాడు.

"తప్పేముంది? అడిగి తెస్తే అయిపోవు."

కానీ చిక్కు అక్కడితో తీరలేదు. డప్పు వస్తున్న ఉత్సాహంలో గిటారు కుర్రాడు ఆ సంగతి పాడే అమ్మాయి తండ్రికి ముందే చెప్పేశాడు. ఉగాది కార్యక్రమంలో మా బ్యాండుకు ఒక పాట ఇస్తామని ఆయన అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. డప్పు మాట వినగానే, ఆడపిల్లల జానపద నృత్యానికి లైవ్ డప్పు పెడదామని కమిటీకి చెప్పేశాడు. మాట్లాడుకుందాం రమ్మని ఒక ఆదివారం మమ్మల్ని టీకి పిలిచాడు.

వాళ్ళ ఇల్లు ఊరి అంచున, గుట్ట మీద. కిటికీలోంచి కింద ఊరంతా కనిపిస్తుంది. ఆంటీ మిరపకాయ బజ్జీలు వేసి పెట్టింది. అంకుల్ మర్యాదస్తుడు. ఒక్కొక్కరినీ పలకరించి, చదువుల గురించీ వీసాల గురించీ అడిగాడు. డ్రమ్మర్ దగ్గరికి వచ్చేసరికి పక్కనే కూర్చున్నాడు.

"వరంగల్ వైపా బాబూ మీది?"

"జనగామ దగ్గర అంకుల్."

"అవునా! ఊళ్ళో ఇల్లెక్కడ? నాన్నగారు ఏం చేస్తుంటారు?"

"కూలికి పోతడు. డప్పు కొడ్తడు."

"ఓహో, కళాకారులన్నమాట. ప్రోగ్రాములిస్తారా?"

"కాదంకుల్. ఊరి డప్పు. సావులకు, పండుగలకు. మేం మాదిగోళ్లం."

అతను ఆ మాటను, వార్డులో పేషెంటు వివరాలు అప్పగించినంత మామూలుగా చెప్పాడు. అంకుల్ ముఖంలో నవ్వు పోలేదు, కానీ ఉన్నచోటే ఆగిపోయింది. ఆంటీ లేచి టీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

"అబ్బే, ఇక్కడ అవన్నీ ఎవరు చూస్తారు బాబూ! ఇంత దూరం వచ్చాక మనమంతా తెలుగువాళ్ళమే," అన్నాడు అంకుల్. తర్వాత కొంచెం ముందుకు వంగి, "ఒక రకంగా ఇంకా మంచిది. ఆథెంటిక్‌గా ఉంటుంది," అన్నాడు.

"డ్రమ్స్ అయితే కొడ్తనంకుల్. డప్పు కొట్ట."

"అదేంటి బాబూ? మన కల్చర్ కదా. ఇక్కడి పిల్లలకు తెలియాలి కదా."

"మంచిగ కొట్టేటోళ్ల నంబరిస్త. మా తమ్ముని టీం ఉన్నది. టికెట్లు పెట్టి పిలిపించుండ్రి."

అంకుల్ అది జోక్ అనుకుని నవ్వాడు. డ్రమ్మర్ నవ్వలేదు. పాడే అమ్మాయి తండ్రి వైపు తిరిగి, అతను మా డ్రమ్మర్, డ్రమ్స్ వాయిస్తాడు, ఇందులో మాట్లాడటానికి ఏముంది అంది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో రావద్దని ఆయన తెలుగులో అన్నాడు. ఆమెకు ఇరవై దాటాయి. మేం అక్కడున్నంతసేపూ ఆయన గొంతు పెరిగింది ఆ ఒక్కసారే. బజ్జీలు చల్లారిపోయాయి. మేం లేచాం.

ట్రామ్ స్టాప్ దాకా ఆ అమ్మాయి మాతో నడిచింది. సన్నగా వాన పడుతోంది. కాసేపటికి డ్రమ్మర్‌ను అడిగింది.

"మీ నాన్న పని గురించి చెప్పాక నువ్వొక మాట అన్నావు, అది మీ ఊరి పేరా? అది వినగానే నాన్న ముఖం ఎందుకలా అయింది?"

గిటారు కుర్రాడూ నేనూ రోడ్డు వైపు చూశాం. డ్రమ్మర్ మాత్రం నిజంగానే నవ్వాడు. నడుస్తూనే చెప్పాడు, చిన్న చిన్న మాటల్లో, ఆమెకు అర్థమయ్యేలా. ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడ ఉంటుందో, ఇల్లెక్కడ అని అడిగితే ఏం తెలుస్తుందో, తండ్రి పని అడిగితే ఏం తెలుస్తుందో. స్టాప్ దగ్గరికి వచ్చాక ఆమె అడిగింది.

"అంటే ఆయన తెలుసుకోవాలనే అడిగాడా?"

"అందరు అట్లనే అడుగుతరు," అన్నాడు డ్రమ్మర్.

ఆమె మా ఇద్దరి వైపు తిరిగింది. "ఆ ప్రశ్నలకు అర్థం మీకు తెలుసా?"

తెలుసన్నాం.

"మరి మేమేంటి?"

 ఇంటికెళ్ళి మీ డాడీని అడుగు అన్నాడు డ్రమ్మర్. ట్రామ్ వచ్చింది.

ఆమె అడిగింది. తర్వాతి ప్రాక్టీసులో చెప్పింది. తండ్రికి కోపం వచ్చిందట. నిన్ను అలాంటివేవీ తెలియకుండా పెంచాం, ఇప్పుడెందుకు ఈ ప్రశ్నలు అన్నాడట. జవాబు మాత్రం తల్లి చెప్పిందట, వంటింట్లో. ఆ జవాబేమిటో ఆమె మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ వారంలోనే అంకుల్ నుంచి మెసేజ్ వచ్చింది. కార్యక్రమం పొడవైపోయిందని, సౌండ్ సిస్టమ్ కూడా బ్యాండుకు సరిపోదని, వచ్చే ఏడాది తప్పకుండా చూద్దామని. చివర్లో దండం పెట్టే బొమ్మ ఉంది. గిటారు కుర్రాడు దాన్ని పైకి చదివి చాలాసేపు తిట్టాడు. అతని తిట్లు వినడానికి బాగుంటాయి, ఇక్కడ రాయడానికి కుదరవు. డ్రమ్మర్ విని, "ఇగ వాయిద్దామా?" అన్నాడు.

మా మొదటి ప్రోగ్రాం అతని వార్డు నుంచి వచ్చింది. ఆ వార్డులో ఎప్పటినుంచో పనిచేస్తున్న హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఒకావిడ రిటైర్ అవుతోంది. ఒక సోషల్ క్లబ్బులో శనివారం మధ్యాహ్నం పార్టీ. మీకు బ్యాండు ఉందట కదా, వచ్చి వాయించండి అని వార్డు సిస్టర్ అడిగింది. ఉగాది కార్యక్రమం కూడా ఆ శనివారమే. అది కావాలని కుదిరింది కాదు. ఆ రోజు అతనికి ఆఫ్ ఉంది, అంతే.

క్లబ్బులో తక్కువ ఎత్తు స్టేజీ, దాని మీద క్లబ్బుదే ఒక డ్రమ్ సెట్టు, వెనక మెరిసే పాత కర్టెన్. బల్ల మీద సాసేజ్ రోల్స్, వాటి పక్కన కేరళ నర్సులెవరో తెచ్చిన వడలు. యార్క్‌షైర్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మలయాళీలు, పేపర్ టోపీలు పెట్టుకున్న డాక్టర్లు.  మొదట అందరికీ తెలిసిన ఒక ఇంగ్లీషు పాట ఎత్తుకున్నాం. నేను తప్పు తీగ మీద మొదలుపెట్టి, పాట సగానికి వచ్చాక గాని సరైన దాని మీదికి రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి కబుర్లు వాళ్ళవి.

తర్వాత రోటా. డ్రమ్ములు మొదలవగానే ముందు బల్లల దగ్గర మాటలు కొంచెం తగ్గాయి. పాడే అమ్మాయి మొదటి చరణం తెలుగులో పాడింది, ఎవరికీ ముక్క అర్థం కాలేదు. పల్లవి చివర 'రోటా' అని సాగదీసేసరికి ఒకావిడ కప్పు కింద పెట్టి, "రోటా అంది కదూ?" అని పక్కావిడను అడిగింది. రెండోసారి పల్లవి వచ్చేసరికి గది మొత్తానికి తెలిసిపోయింది. మూడోసారికి అందరూ ఆ ఒక్క మాట కోసం కాచుకుని కూర్చుని, రాగానే గట్టిగా అరిచారు. రిటైర్ అవుతున్న ఆవిడ కుర్చీ మీద నుంచి లేచి, రోటా వేసే మేనేజరును వేలితో చూపిస్తూ పాడింది. ఆ మేనేజరు నాప్‌కిన్‌తో ముఖం దాచుకుంది. పాట అయిపోయినా వాళ్ళు ఆపలేదు. మళ్ళీ వాయించమన్నారు, మళ్ళీ వాయించాం. డ్రమ్మర్ చొక్కా వీపంతా తడిసిపోయింది. అతని ముఖంలో అలాంటి నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

సామాను సర్దుతుంటే హాలు వెనక తలుపు దగ్గర పాడే అమ్మాయి తల్లి కనిపించింది. పట్టుచీరలో ఉంది. ఉగాది కార్యక్రమం నుంచి మధ్యలో లేచి వచ్చినట్టుంది. చేతిలో కారు తాళాలు. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. ఆంప్ కారులో పెట్టమంది. దారిలో కూతురు ముందు సీట్లో, మేం ముగ్గురం వెనక ఇరుక్కుని కూర్చున్నాం.  సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆవిడ అద్దంలోంచి డ్రమ్మర్‌ను చూసింది.

"చాలా బాగా కొట్టావు నాయనా."

"థ్యాంక్స్ ఆంటీ."

"ఆ రోజు బజ్జీలు ఎవరూ సరిగ్గా తిననే లేదు. ఇంకోసారి రండి."

"వస్తం ఆంటీ."

మేం వెళ్ళలేదు. ఆవిడ మనసారానే పిలిచిందనుకుంటాను. ఏదో ఒక ఆదివారం అనుకుంటూనే ఉన్నాం, కుదరలేదు. అంకుల్ ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఊళ్ళో ఎదురైతే మర్యాదగానే పలకరించేవాడు.

డప్పు కొన్నాళ్ళు గిటారు కుర్రాడి వార్డ్‌రోబ్‌లో ఉంది. తర్వాత డ్రమ్మరే దాన్ని అడిగి తన గదిలో పెట్టుకున్నాడు. గది హీటరుకు కొంచెం ఎడంగా నిలబెడితే తోలు బిగువు తగ్గదని చెప్పాడు. ఒకసారి పాడే అమ్మాయి నేర్పమంటే వంటింట్లో ఒక దరువు నేర్పాడు. బ్యాండులోకి మాత్రం తేలేదు. మేమూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా మొన్నమొన్నటి సంగతే. ఇప్పుడు డ్రమ్మర్ కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రిలో పైపోస్టులో ఉన్నాడు. గిటారు కుర్రాడు లీసెస్టర్‌లో. నేనూ పాడే అమ్మాయీ షెఫీల్డ్‌లోనే. వీలైన నెలలో ఎవరో ఒకరి ఊళ్ళో కలుస్తాం. బ్యాండు ఉందా అని ఎవరైనా అడిగితే ఉందనే చెబుతాం.

అప్పట్లో, మొదటి ప్రోగ్రాం అయిన కొత్తలో మాత్రం మమ్మల్ని మేమే పట్టలేకపోయాం. పదిహేను రోజుల్లోనే ఒక పబ్బులో, ఎవరైనా వచ్చి పాడొచ్చనే సాయంత్రం ఒకటుంటే, పేరు ఇచ్చి వెళ్ళాం. మా ముందు పాడినవాళ్ళు తమ స్నేహితులను తీసుకుని వెళ్ళిపోయారు. మేం స్టేజీ ఎక్కేసరికి మిగిలింది బార్ వెనకున్న కుర్రాడు, క్రాస్‌వర్డ్ నింపుకుంటున్న ఒక పెద్దాయన, ఆయన కుక్క. మొదటి తాళానికే కుక్క లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. దాని వెనకే ఆయనా వెళ్ళాడు. రెండో పాటలో గిటారు తీగ తెగింది. బార్ కుర్రాడు చప్పట్లు కొట్టాడు, గ్లాసులు తుడిచే గుడ్డ చేతిలో ఉండటం వల్ల చప్పుడు రాలేదు.

బయటికొచ్చి బస్ స్టాప్‌లో నిలబడి వెనిగర్ చల్లిన వేడి చిప్స్ తిన్నాం.

"అన్నా, నువ్వు స్పీడు పెంచినావు. అందుకే తీగ తెగింది," అన్నాడు గిటారు కుర్రాడు.

"నేను పెంచలే. నువ్వు ఉరికినవ్, నీ ఎన్క నేనొచ్చిన."

"యాడ ఉరికినా? అక్కా, నువ్వు చెప్పు."

బేస్‌ను కాళ్ళ మధ్య పెట్టుకుని చిప్స్ తింటున్న నాకు ఇద్దరూ పరిగెత్తారనే అనిపించింది. అదే చెప్పాను. పాడే అమ్మాయి వెనిగర్ ఎక్కువైందని అంటూ అందరి పొట్లాల్లోంచీ తింటోంది. బస్సు వచ్చింది. డబుల్ డెక్కర్ మెట్ల దగ్గర ఆంప్ అడ్డం పెట్టామని డ్రైవర్ కేకలేశాడు. పక్కకు జరిపాం. దిగే స్టాపు వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఎవరు ముందు స్పీడు పెంచారో వాదించుకుంటూనే ఉన్నారు.